కార్నూస్టీ, 1999: తప్పు ఏ షాట్‌లో జరిగింది?

గోల్ఫ్ అంతగా చూడనివాళ్ళకు కూడా ఆ ఫొటో ఎక్కడో ఒకచోట కనపడే ఉంటుంది. బూట్లూ సాక్సూ తీసేసి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని ఒక ఆటగాడు వాగు నీళ్ళలో నిలబడి ఉంటాడు. ఆయన పేరు జాన్ వాన్ డె వెల్డ్, ఫ్రాన్స్ దేశస్థుడు. రోజు 1999 జూలై 18, ఆదివారం. స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్ ఆఖరి రౌండ్, ఆఖరి హోల్. ఆ హోల్ మొదలుపెట్టేటప్పటికి ఆయన మిగతా అందరికంటే మూడు షాట్లు ముందున్నాడు. ఆరు షాట్లలో బంతిని గుంటలో వేసినా ట్రోఫీ ఆయనదే. ఏడు పట్టాయి. దాంతో సమానంగా నిలిచినవాళ్ళ మధ్య జరిగిన ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు.

అప్పటినుంచీ ఈ కథను ఒకే మాటలో తేల్చేస్తున్నారు: గెలిచిన ఆటను తెలివితక్కువగా ఆడి చేజేతులా పోగొట్టుకున్నాడు అని. ఆ మాట నాకు అన్యాయంగా అనిపిస్తుంది. తప్పు జరగలేదని అనను, జరిగింది. కానీ అందరూ వేలెత్తి చూపే షాట్‌లో కాదు, దాని తర్వాతి షాట్‌లో. పోగొట్టుకున్నవాడి గురించి ఇంతగా మాట్లాడుకుని, గెలిచినవాడు ఆ రోజు ఏం ఆడాడో మర్చిపోవడం అంతకంటే పెద్ద అన్యాయం. అందుకే ఆ నాలుగు రోజులనూ మొదటినుంచీ విప్పి చూడాలి.

ముందు లెక్క అర్థం కావాలి

గోల్ఫ్‌లో నాలుగు పెద్ద టోర్నీలను మేజర్లు అంటారు. అమెరికాలో జరిగే మాస్టర్స్, యూఎస్ ఓపెన్, పీజీఏ ఛాంపియన్‌షిప్ మూడు. నాలుగోది 1860లో మొదలై అన్నిటికంటే పాతదైన ఓపెన్. దీన్ని మనం బ్రిటిష్ ఓపెన్ అంటాం. నాలుగు రోజులు, రోజుకు 18 హోల్స్, మొత్తం 72. ఎవరు తక్కువ షాట్లు కొడితే వాళ్ళే విజేత. రెండు రోజుల తర్వాత వెనకబడ్డవాళ్ళను ఇంటికి పంపేస్తారు, దాన్ని కట్ అంటారు.

ప్రతి హోల్‌కూ ఒక పార్ ఉంటుంది. మంచి ఆటగాడికి ఆ హోల్ పూర్తిచెయ్యడానికి ఎన్ని షాట్లు పట్టాలో అది చెబుతుంది. పార్ 4 హోల్‌ను మూడింటిలో ముగిస్తే బర్డీ, అయిదు పడితే బోగీ, ఆరు పడితే డబుల్ బోగీ, ఏడు పడితే ట్రిపుల్ బోగీ. కార్నూస్టీలో ఆ ఏడాది 18 హోల్స్‌కూ కలిపి పార్ 71. వాన్ డె వెల్డ్‌కు ఆఖరి హోల్‌లో డబుల్ బోగీ చాలు. ఇలాంటి స్థాయి ఆటగాడు అలాంటి హోల్‌లో డబుల్ బోగీ కంటే ఘోరంగా ఆడటం చాలా అరుదు. ఆఖరి ఓవర్‌లో ముప్పై పరుగులు కాపాడాల్సిన బౌలర్‌కు ఎంత ధీమా ఉంటుందో, అంత ధీమాగా ఉండాల్సిన పరిస్థితి.

ఇంకో మూడు మాటలు తెలిస్తే మిగతాదంతా సులువు. బంతిని మొదట కొట్టే చోటు టీ. అక్కడినుంచి గుంట దాకా పొట్టిగా కత్తిరించిన గడ్డిదారి ఫెయిర్‌వే. దానికి రెండు పక్కలా పెరగనిచ్చిన గడ్డి రఫ్. గుంట ఉండే నున్నటి చోటు గ్రీన్ అనీ, ఇసుక గుంటలు బంకర్లనీ చాలామందికి తెలిసిందే.

ఆ ఏడాది కార్నూస్టీ

కార్నూస్టీ స్కాట్లండ్ తూర్పు తీరంలో, ఆంగస్ ప్రాంతంలో ఉంది. సముద్రపు గాలి తగిలే ఇసుక నేల, చెట్లు తక్కువ. ఇక్కడ మొదటిసారి ఓపెన్ జరిగింది 1931లో. ఎడింబరోలో పుట్టి అమెరికా వెళ్ళి స్థిరపడిన టామీ ఆర్మర్ అప్పుడు గెలిచాడు. 1953లో బెన్ హోగన్ తన జీవితంలో ఆడిన ఒకే ఒక్క ఓపెన్‌ను ఇక్కడే ఆడి, ఇక్కడే గెలిచి వెళ్ళాడు. 1968లో గ్యారీ ప్లేయర్, 1975లో టామ్ వాట్సన్. ఆ తర్వాత 24 ఏళ్ళు ఓపెన్ అటువైపు రాలేదు. కోర్సు గొప్పదే, కానీ చుట్టుపక్కల వసతులు అంతంత మాత్రం. పద్దెనిమిదో గ్రీన్ వెనక పెద్ద హోటల్ కట్టాకే 1999లో మళ్ళీ వచ్చింది.

తిరిగి వచ్చిన కోర్సు మామూలుగా లేదు. పొడవు 7,361 గజాలు. ఫెయిర్‌వేలు చాలా సన్నగా ఉన్నాయి. వాటి పక్కన రఫ్ కొన్నిచోట్ల మోకాలి ఎత్తున పెరిగింది. దీనికి తోడు గాలి. కోర్సు బాధ్యుడు జాన్ ఫిల్ప్ మీద ఆటగాళ్ళు మండిపడ్డారు. ఆయన మాత్రం ఛాంపియన్‌షిప్ అంటే ఇలాగే ఉండాలనే తన నమ్మకాన్ని వదల్లేదు.

మొదటి రెండు రోజుల్లో ఏం జరిగిందో చూస్తే కోర్సు ఎంత కఠినంగా ఉందో తెలుస్తుంది. మొదటి రోజు 71 కొట్టి అందరికంటే ముందున్న ఆస్ట్రేలియా ఆటగాడు రాడ్ ప్యాంప్లింగ్, రెండో రోజు 86 కొట్టి కట్ కూడా దాటలేకపోయాడు. ఎన్నో ఆశలతో వచ్చిన పందొమ్మిదేళ్ళ స్పెయిన్ కుర్రాడు సెర్హియో గార్సియా 89, 83 కొట్టి, అమ్మ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. (ఈ గార్సియా ఇదే కోర్సుకు మళ్ళీ వస్తాడు.) పార్ కంటే 12 షాట్లు ఎక్కువ కొట్టినవాళ్ళు కూడా కట్ దాటారు. నాలుగు రోజులూ అయ్యాక పార్ కంటే తక్కువలో ఉన్న ఆటగాడు ఒక్కడూ లేడు. టైగర్ వుడ్స్ సైతం పార్ కంటే పది ఎక్కువతో ఏడో స్థానంలో మరికొందరితో పాటు ముగించాడు.

ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి కోర్సులో ఆధిక్యం అనే మాటకు మామూలు అర్థం ఉండదు. మామూలు కోర్సులో వెనకున్నవాడు ముందున్నవాణ్ణి అందుకోవాలంటే బర్డీల మీద బర్డీలు కొట్టాలి. కార్నూస్టీలో అలా కాదు, ముందున్నవాడే జారి వెనక్కి వచ్చేస్తాడు. వెనకున్నవాడు నిలకడగా ఆడితే చాలు, దూరం దానంతటదే తగ్గుతుంది.

శనివారం రాత్రికి

వాన్ డె వెల్డ్ అప్పటికి ప్రపంచ ర్యాంకుల్లో 152వ వాడు. టోర్నీ మొదలయ్యేనాటికి ఆయన పేరు విజేతల జాబితాలో ఊహించినవాళ్ళు దాదాపు లేరు. గురువారం 75, శుక్రవారం 68, శనివారం 70. మూడు రౌండ్లకు 213, అంటే సరిగ్గా పార్. జస్టిన్ లెనార్డ్, క్రెయిగ్ ప్యారీ 218తో అయిదు షాట్లు వెనక. అంతకు ముందు ఓపెన్ గెలిచిన ఫ్రెంచి ఆటగాడు ఒక్కడే, 1907లో ఆర్నో మాసీ. తొంభై రెండేళ్ళ తర్వాత రెండోవాడు వస్తున్నాడనే అనిపించింది.

పాల్ లారీ సంగతి చూద్దాం. అబర్డీన్ వాడు, ఆ ఊరు కార్నూస్టీకి దగ్గరే. పదిహేడేళ్ళప్పుడు ప్రొఫెషనల్‌గా మారి, బాంకరీ అనే చిన్న ఊరి క్లబ్బులో అసిస్టెంట్‌గా పనిచేసి పైకొచ్చినవాడు. ర్యాంకు 159. ఓపెన్‌లోకి నేరుగా రాలేదు, క్వాలిఫైయింగ్ ఆడి వచ్చాడు. మూడు రౌండ్లలో 73, 74, 76. మొత్తం 223. లీడర్‌కు పది షాట్లు వెనక. ఆఖరి రోజు పది షాట్లు వెనకనుంచి వచ్చి మేజర్ గెలిచినవాడు అప్పటిదాకా చరిత్రలో లేడు.

ఆదివారం మధ్యాహ్నం

లారీ ఆఖరి జంటకంటే చాలా ముందుగా బయల్దేరాడు. టీవీ కెమెరాలకు ఆయన మీద ఆసక్తి లేదు. గాలిలో, ఆ రఫ్ మధ్య, 67 కొట్టాడు. పార్ కంటే నాలుగు తక్కువ. మొత్తం 290, అంటే పార్ కంటే ఆరు ఎక్కువ. ముగించాక కోచ్ ఆడమ్ హంటర్‌తో కలిసి ప్రాక్టీసు చేస్తూ, మిగతావాళ్ళు ముగించేదాకా కాచుకుని ఉన్నాడు. ప్లేఆఫ్ వస్తే ఒళ్ళు చల్లబడిపోకూడదు కదా.

వెనక ఆఖరి జంటలో వాన్ డె వెల్డ్‌కు తోడు ప్యారీ. మధ్యలో ప్యారీ ఆయన్ని దాటి ముందుకు కూడా వెళ్ళాడు. కానీ పన్నెండో హోల్‌లో ట్రిపుల్ బోగీ కొట్టి వెనకబడ్డాడు. ముందు జంటలో ఉన్న లెనార్డ్ పద్దెనిమిదికి వచ్చేసరికి పార్ కంటే అయిదు ఎక్కువలో ఉన్నాడు. రెండేళ్ళ క్రితమే ఓపెన్ గెలిచిన అనుభవజ్ఞుడు. వెనక వస్తున్న లీడర్‌ను అందుకోవాలంటే సాహసం చెయ్యక తప్పదనుకుని గ్రీన్ మీదకే కొట్టాడు. బంతి వాగులో పడింది. బోగీతో ముగించి ఆయన కూడా 290 దగ్గర ఆగాడు.

అంటే వాన్ డె వెల్డ్ ఆఖరి టీ మీదకు వచ్చేసరికి ఆయన పార్ కంటే మూడు ఎక్కువలో ఉన్నాడు, లారీ, లెనార్డ్ ఆరు ఎక్కువలో ముగించేశారు. ఇక్కడ ఒక చిన్న లెక్క చెయ్యాలి. ఉదయం లారీకీ ఈయనకూ మధ్య దూరం పది. ఆఖరి టీ దగ్గర మూడు. ఏడు షాట్ల దూరం అప్పటికే కరిగిపోయింది. ఆ ఏడింటిలో నాలుగు లారీ పార్ కంటే తక్కువగా కొట్టినవి, మూడు వాన్ డె వెల్డ్ పదిహేడు హోల్స్‌లో జారినవి. ఆ కోర్సు మీద, ఆ టెన్షన్‌లో పదిహేడు హోల్స్‌కు మూడు ఎక్కువ అంటే చెడ్డ ఆటేమీ కాదు. పది షాట్ల అంతరం మొత్తాన్నీ ఆ ఒక్క వాగు మింగేసిందని చెప్పుకోవడం నిజం కాదు. అది మింగింది మూడింటిని. మిగతా ఏడింటిలో నాలుగింటి వెనక లారీ మధ్యాహ్నమంతా పడ్డ కష్టం ఉంది.

ఏడు షాట్లు

పద్దెనిమిదో హోల్ పొడవు 487 గజాలు, పార్ 4. బ్యారీ బర్న్ అనే వాగు దాన్ని పాములా మెలికలు తిరుగుతూ అడ్డుకుంటుంది. బర్న్ అంటే అక్కడ వాగు. మన వాగుల్లా ఇసుక ఒడ్డుతో ఉండదు, రెండు పక్కలా రాతిగోడలు కట్టి ఉంటాయి. టీ ముందు ఒకసారి, ఫెయిర్‌వే పక్కన ఒకసారి, గ్రీన్‌కు సరిగ్గా ముందు మరోసారి ఎదురవుతుంది. ఎడమ పక్క కోర్సు హద్దు, దాటితే జరిమానా.

మొదటి షాట్‌కు వాన్ డె వెల్డ్ డ్రైవర్ తీశాడు. బంతిని కొట్టే కర్రను క్లబ్ అంటారు. అన్నిటికంటే దూరం వెళ్ళే, అన్నిటికంటే అదుపు తప్పే క్లబ్ అది. ఆరు చాలు అన్నప్పుడు, దూరం తగ్గినా అదుపు ఎక్కువుండే ఐరన్ అనే క్లబ్ తీసుకుని ఉండాల్సింది అనేవాళ్ళున్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. బంతి బాగా కుడికి పోయింది, వాగు మెలికల మధ్య ఉన్న, పదిహేడో హోల్‌కు చెందిన నేల మీద పడింది. కానీ నీళ్ళలో పడలేదు. ఉన్నచోటు కూడా బాగానే ఉంది. అదృష్టమే.

ఇక రెండో షాట్. ప్రపంచమంతా ఇప్పటికీ తిట్టే షాట్ ఇదే. ఆయన ముందు రెండు దారులున్నాయి. ఒకటి, చిన్న క్లబ్‌తో ఫెయిర్‌వే మీదకు కొట్టి వాగు ఇవతల ఆగడం. దీన్ని లే-అప్ అంటారు. మూడో షాట్ గ్రీన్ మీదకు, ఆపైన మూడు పట్‌లు (గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించే షాట్లు) పడినా ఆరుతో గెలుపు. రెండోది, 2-ఐరన్‌తో నేరుగా వాగు దాటించి గ్రీన్ వైపు కొట్టడం. ఆయన రెండోదే ఎంచుకున్నాడు.

ఎందుకు? బంతి ఉన్న చోటు బాగుంది. లే-అప్ చెయ్యాలన్నా ఎడమ పక్క హద్దు ఉంది, మధ్యలో వాగు మెలిక ఉంది, అదీ పూర్తి క్షేమం కాదు. పైగా కుడివైపు తప్పు కొడితే ఏమవుతుంది? గ్రీన్‌కు కుడి పక్కన ప్రేక్షకుల కోసం వేసిన పెద్ద స్టాండ్ ఉంది. గోల్ఫ్ నిబంధనల ప్రకారం అలాంటి తాత్కాలిక నిర్మాణంలోకి బంతి పోతే జరిమానా లేదు, పక్కనే నిర్ణీత చోట బంతిని చేత్తో కిందికి వదిలి (డ్రాప్ చేసి) ఆడుకోవచ్చు. ప్రొఫెషనల్ ఆటగాళ్ళు ఈ సంగతిని లెక్కలోకి తీసుకునే ఆడతారు. అంటే తిన్నగా పోతే గ్రీన్, కుడికి పోతే స్టాండ్. స్టాండ్‌లోకి పోయినా అక్కడినుంచి గ్రీన్ మీదకు ఒక చిన్న షాట్ (చిప్), మూడు పట్‌లు, మొత్తం ఆరు. ట్రోఫీ చేతిలో.

జరిగింది కూడా దాదాపు అదే. బంతి కుడికి పోయింది. వాగు దాటింది. ఈ మాటను నొక్కి చెప్పాలి: బంతి నీళ్ళను దాటేసింది. స్టాండ్‌కు తగిలింది. స్టాండ్ లోపలికి పోయి ఉంటే కథ అక్కడితో ముగిసేది. కానీ అది రెయిలింగ్‌కు తగిలి వెనక్కి ఎగిరింది. వచ్చి వాగుకు కట్టిన రాతిగోడ అంచుకు తగిలి మళ్ళీ ఎగిరింది. వచ్చినదారినే వెనక్కి పోయి, వాగుకు ఇవతల మోకాలి ఎత్తు గడ్డిలో పడింది. గోడకు ఇటో అటో కొన్ని అంగుళాలు తేడాగా తగిలినా ఇంకేదో జరిగేది. ఏ ఆటగాడైనా ఊహించి జాగ్రత్త పడగలిగిన సంగతా ఇది?

లే-అప్ మరింత క్షేమమని ఒప్పుకుంటాను. కానీ క్షేమం తక్కువైన నిర్ణయానికీ మూర్ఖమైన నిర్ణయానికీ చాలా దూరం ఉంది. ఆ రెయిలింగ్ లేకపోతే అదే షాట్‌ను ధైర్యం అని పొగిడి ఉండేవాళ్ళం.

నా దృష్టిలో అసలు తప్పు మూడో షాట్‌ది. ఇప్పుడు పరిస్థితి మారిపోయింది. బంతి దట్టమైన గడ్డిలో ఉంది, ముందు వాగు, వాగు అవతల గ్రీన్. అలాంటి గడ్డిలో క్లబ్ చుట్టుకుపోతుంది, బంతి ఎంత దూరం వెళ్తుందో ఎవరూ చెప్పలేరు. రెండో షాట్ దగ్గర తప్పిపోయినా తట్టుకునే జాగా ఉంది, ఇక్కడ లేదు. కొంచెం తగ్గినా నీళ్ళే. చెయ్యాల్సింది పక్కకు, ఫెయిర్‌వే వైపు ఎలాగోలా బయటపడటం. ఆ గడ్డిలో అది కూడా సులువేం కాదు. కానీ బయటపడి ఉంటే నాలుగో షాట్‌కు వాగు దాటి గ్రీన్, రెండు పట్‌లు, మొత్తం ఆరు. ఇంకా గెలుపే. ఆయన గ్రీన్ వైపే కొట్టాడు. బంతి నీళ్ళలో పడింది.

ఎందుకలా కొట్టాడంటే, నాకు తోచే కారణం ఒకటే. ఒక వింత దెబ్బ తగిలిన వెంటనే మనిషి దాన్ని అదే క్షణంలో సరిచేసెయ్యాలని చూస్తాడు. నిమిషం క్రితం బంతి వాగు అవతల ఉంది. దాన్ని మళ్ళీ అవతలికి చేర్చాలనే ఆత్రం. ఇక్కడ ఆగి లెక్క వేసుకోవాల్సింది, ఆయనా, ఆయన బ్యాగు మోస్తూ సలహా ఇచ్చే క్యాడీ క్రిస్టోఫ్ ఆంజియోలినీ ఇద్దరూ. క్యాడీ మీదా ఆ తర్వాత చాలా విమర్శలు వచ్చాయి. కానీ గోల్ఫ్‌లో క్యాడీ సలహా ఇవ్వగలడు, కొట్టేది ఆటగాడే.

అప్పుడు జరిగిందే ఆ ఫొటో. నిబంధనల ప్రకారం నీళ్ళలో ఉన్న బంతిని ఉన్నచోటనుంచే కొట్టవచ్చు, జరిమానా ఉండదు. అందుకే నీళ్ళలోకి దిగాడు. చూసినవాళ్ళకు పిచ్చి పనిలా కనపడింది కానీ, ఒక షాట్ మిగుల్చుకోవడానికి ఆలోచించి చేసిన పనే అది. దిగి చూశాక బంతి ఇంకా లోపలికి మునిగింది. కొట్టడం కుదరదని ఒప్పుకుని బయటికొచ్చి, ఒక జరిమానా షాట్ లెక్కలో వేసుకుని వాగుకు ఇవతల డ్రాప్ చేశాడు. అది నాలుగు. అయిదో షాట్ వాగు దాటింది కానీ గ్రీన్ పక్క బంకర్‌లో పడింది. అదే బంకర్‌లో ప్యారీ బంతి కూడా ఉంది. ప్యారీ ముందుగా ఇసుకలోంచి కొట్టి నేరుగా గుంటలో వేసేశాడు. స్టాండ్లు హోరెత్తాయి. వాన్ డె వెల్డ్ కూడా అలాగే వేసి ఉంటే ఓపెన్ ఛాంపియన్. ఆయన ఆరో షాట్ గుంటకు కొంచెం దూరంలో ఆగింది.

ఏడో షాట్ గురించి ఎవరూ మాట్లాడరు. పదిహేను నిమిషాల క్రితం గెలిచేశాననుకున్న మనిషి, బూట్లు తీసి వాగులో దిగి వచ్చిన మనిషి, ప్రపంచమంతా చూస్తుండగా, తప్పితే ప్లేఆఫ్ కూడా లేకుండా పోయే పట్ అది. తిన్నగా గుంటలో వేశాడు. వెయ్యగానే పిడికిలి బిగించి గాలిలోకి ఊపాడు. ఆ రోజు ఆయన కొట్టిన అన్ని షాట్లలో నేను ఎక్కువగా గౌరవించేది దీన్ని.

వానలో నాలుగు హోల్స్

సమానంగా నిలిచినవాళ్ళను విడదీసే పద్ధతి ఒక్కో మేజర్‌లో ఒక్కో రకం. మాస్టర్స్‌లో ఎవరు ముందు ఒక హోల్ గెలిస్తే వాళ్ళే విజేత. యూఎస్ ఓపెన్‌లో అప్పట్లో మర్నాడు ఇంకో 18 హోల్స్ ఆడించేవాళ్ళు. ఓపెన్‌లో నాలుగు హోల్స్ ఆడించి, మొత్తం షాట్లు లెక్కేసేవాళ్ళు. ఈ తేడా చిన్నది కాదు. మర్నాడు ఆడమని ఉంటే వాన్ డె వెల్డ్‌కు ఒక రాత్రి దొరికేది. దొరకలేదు. తడిసిన కాళ్ళతో వెంటనే పదిహేనో టీ దగ్గరకు వెళ్ళాల్సి వచ్చింది. వాన కురుస్తోంది. మొదటి హోల్‌లోనే బంతి పొదల్లోకి పోయి డబుల్ బోగీ.

లారీ 15లో బోగీ, 16లోనూ బోగీ. పదిహేడులో బర్డీ. ఆఖరి హోల్‌కు వచ్చేసరికి ఆయన ఒక్క షాట్ ముందున్నాడు. అదే పద్దెనిమిది, అదే వాగు. గంట క్రితం ఇక్కడ ఏం జరిగిందో లారీకి తెలుసు. లెనార్డ్ అదే వాగులో బంతి పోగొట్టుకోవడమూ తెలుసు. రెండో షాట్‌కు 221 గజాలు. ఇక్కడ లారీ ఆగలేదు. 4-ఐరన్ తీసి, వాగు మీదుగా నేరుగా జెండా వైపు కొట్టాడు. బంతి గుంటకు కొన్ని అడుగుల దూరంలో ఆగింది. బర్డీ. నాలుగు హోల్స్‌కు లారీ 15, మిగతా ఇద్దరూ 18. విజేతకు మూడున్నర లక్షల పౌండ్లు, క్లారెట్ జగ్ అనే ఆ వెండి కూజా.

ఈ 4-ఐరన్ గురించి ఒక్క క్షణం ఆలోచించండి. ముందున్న ఆటగాడు, ఆఖరి హోల్, ముందు వాగు, అయినా గ్రీన్ మీదకే కొట్టాడు. వాన్ డె వెల్డ్ రెండో షాట్‌లో చేసిందీ ఇదే. పైగా ఆయనకు మూడు షాట్ల ఆసరా ఉంది, లారీకి ఒక్కటే. ఒకరి షాట్‌ను ధైర్యమన్నాం, ఇంకొకరిది మూర్ఖత్వమన్నాం. లారీ షాట్ గొప్పదే, ఆ సందర్భంలో అంతకంటే గొప్ప షాట్లు ఎక్కువ లేవు. కానీ నిర్ణయాన్ని ఫలితంతో కొలిచే అలవాటు మనకు ఎంతగా ఉందో ఈ రెండు షాట్లను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

స్కాట్లండ్ గడ్డ మీద జరిగిన ఓపెన్‌ను స్కాట్లండ్‌లో పుట్టినవాడు గెలిచి అప్పటికి 68 ఏళ్ళు. అంతకు ముందు గెలిచింది 1931లో టామీ ఆర్మర్, అదీ ఇదే కార్నూస్టీలో. అప్పుడూ ఆర్మర్ ఆఖరి రౌండ్‌ను అయిదు షాట్లు వెనకనుంచి మొదలుపెట్టాడు. ఒక్క షాట్ తేడాతో ఓడిన అర్జెంటీనా ఆటగాడు హోసే హురాడో, పదిహేడో హోల్‌లో బంతిని పోగొట్టుకున్నది ఈ బ్యారీ బర్న్‌లోనే.

ఆ సెప్టెంబరులో అమెరికా మీద ఆడిన యూరప్ రైడర్ కప్ జట్టులో లారీ, వాన్ డె వెల్డ్ ఇద్దరూ ఉన్నారు. అదే చలికాలంలో వాన్ డె వెల్డ్ ఒక ప్రకటన కోసం కార్నూస్టీకి తిరిగి వెళ్ళి, పద్దెనిమిదో హోల్‌ను గ్రీన్ మీద మాత్రమే వాడే పట్టర్‌తో టీ నుంచి చివరిదాకా ఆడాడు. మూడో ప్రయత్నంలో ఆరు కొట్టాడు. ఆ రోజు ఆయనకు కావాల్సిన ఆరు.

ఎనిమిదేళ్ళ తర్వాత అదే వాగు

2007లో ఓపెన్ మళ్ళీ కార్నూస్టీకి వచ్చింది. ఐర్లండ్ ఆటగాడు పాడ్రిగ్ హారింగ్టన్ ఆఖరి టీ దగ్గర ఒక్క షాట్ ముందున్నాడు. డ్రైవర్ తీశాడు, బంతి బ్యారీ బర్న్‌లో పడింది. జరిమానా తర్వాత గ్రీన్ వైపు కొట్టాడు, మళ్ళీ బ్యారీ బర్న్‌లోనే పడింది. రెండు జరిమానాలు పోగా, చిన్న పిచ్ షాట్ కొట్టి, పట్ వేసి ఆరుతో బయటపడ్డాడు. వెనక వస్తున్నది 1999లో ఇక్కడ ఏడ్చిన గార్సియా. ఆయనకు పార్ కొడితే ట్రోఫీ. పట్ గుంట అంచు తాకి బయటికి వచ్చేసింది. ప్లేఆఫ్.

ప్లేఆఫ్ నాలుగో హోల్, అంటే పద్దెనిమిదికి వచ్చేసరికి హారింగ్టన్‌కు రెండు షాట్ల ఆధిక్యం ఉంది. ఈసారి ఆయన డ్రైవర్ తియ్యలేదు. వాగుకు ఇవతల ఆగాడు, మూడో షాట్‌తో గ్రీన్ చేరాడు, బోగీతో అయిదు కొట్టాడు. గార్సియా నాలుగు కొట్టాడు. మొత్తం 15, 16. ఒక్క షాట్ తేడాతో హారింగ్టన్ ఓపెన్ ఛాంపియన్. ఆ హోల్‌లో ఎలా ఆడాలో 1999 నేర్పిందనుకుందామంటే, ఇదే మనిషి ఇదే సాయంత్రం ఇదే టీ మీద డ్రైవర్ తీసి రెండుసార్లు నీళ్ళలో వేశాడు. ఆయన్ని ఎవరూ మూర్ఖుడనరు, ఎందుకంటే ఆయన గెలిచాడు.